కదిలే రక్తకణాలు చూడాలని: జీబ్రా చేపల డైరీ

నవంబర్ 2, ఆదివారం

ఎనిమిది జీబ్రా చేపలు ఇంటికి వచ్చాయి. జత ముప్పై రూపాయలు. పాలిథిన్ సంచిలో నీళ్లు, సగం గాలి, మూతికి రబ్బరు బ్యాండు. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. పక్క సీటు పెద్దాయన చాలాసేపు చూసి, "వండటానికి ఇవి ఏ మూలకూ సరిపోవమ్మా" అన్నాడు.

ఎందుకు తెచ్చానో రాసుకుంటే తర్వాత ఉపయోగపడుతుంది. నేను హనుమకొండలో రక్తపరీక్షలు చేసే ల్యాబ్ టెక్నీషియన్ని. పందొమ్మిదేళ్లుగా మైక్రోస్కోపులో రక్తకణాలు చూస్తున్నాను. అవన్నీ గాజు మీద పూసి, ఆరబెట్టి, లీష్‌మన్ రంగు పోసి కడిగిన కణాలు. మూత్రం స్లైడులో ఏవో కదులుతూ కనిపిస్తాయి కానీ, రక్తనాళంలో పారుతున్న రక్తాన్ని కళ్లారా చూసింది లేదు. ఈ మధ్య మా ల్యాబ్‌లో కొత్త మైక్రోస్కోపు కొన్నారు. పాతది, అద్దంతో వెలుతురు పట్టుకునే ఒంటికన్ను యంత్రం, నాకు చవకగా ఇచ్చారు. దాన్ని ఇంట్లో పెట్టుకుని ఏం చూడాలా అని ఆలోచిస్తుంటే జీబ్రా చేప గుర్తుకొచ్చింది. దాని గుడ్డు పారదర్శకం, పిల్ల కూడా పారదర్శకం. గుడ్డు ఫలదీకరణ చెందిన ఇరవై నాలుగు గంటలకల్లా గుండె కొట్టుకుంటుంది. బయటి నుంచే, ఏ కోతా లేకుండా చూడవచ్చు.

దుకాణదారు ఇవి చెన్నైలోని కొళత్తూరు నుంచి వచ్చాయని చెప్పాడు. అసలు ఊరు మాత్రం గంగా, బ్రహ్మపుత్రల పరిసరాలు. అక్కడి నెమ్మదిగా పారే వాగులు, కాలువలు, వరిచేలలో నిలిచే నీళ్లు వీటి ఇల్లు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండ్ వైద్యుడు గంగానది చేపల మీద రాసిన గ్రంథంలో దీన్ని మొదటిసారి వర్ణించాడు. శాస్త్రీయ నామం డానియో రేరియో. ఈ డానియో బెంగాలీ మాట 'ధానీ' నుంచి వచ్చిందట, అంటే వరిచేనుది అని. మన ధాన్యానికి దగ్గరి చుట్టమే.

మా అత్తయ్య తొట్టిలోకి తొంగి చూసి, "మా పొలం కాలువలో పరిగెలు ఇలాగే ఉండేవి" అన్నారు. పరిగెలు వేరే జాతి. ఆ మాట ఆవిడకు చెప్పలేదు.

దుకాణంలో గులాబీ రంగులో మెరిసే జీబ్రాలు కూడా చూపించారు. అది పూసిన రంగు కాదు. 1999లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో ఈ చేపలోకి జెల్లీ చేప జన్యువును ఎక్కించి ఆకుపచ్చగా వెలిగేలా చేశారు, తర్వాత ఎరుపూ పసుపూ వచ్చాయి. నాకు ఆ మెరుపులు వద్దు. లోపల ఏముందో కనిపిస్తే చాలు.

నవంబర్ 9

తొట్టి కుదురుకుంది. కుళాయి నీళ్లు రోజంతా బకెట్లో ఉంచి పోశాను. ఫిల్టరు స్పాంజి తెలిసినవాళ్ల పాత తొట్టిలోది అడిగి తెచ్చుకున్నాను.

ఆడామగా గుర్తుపట్టడానికి మూడు రోజులు పట్టింది. మగది సన్నగా, నీలి చారల మధ్య పసిడి ఛాయతో ఉంటుంది. ఆడదాని పొట్ట గుండ్రం, చారల మధ్య వెండి తెలుపు. పొద్దున ఎండ తొట్టిమీద వాలుగా పడినప్పుడు తేడా బాగా తెలుస్తుంది, ట్యూబులైటు కింద అన్నీ ఒకటే. నా లెక్క: మగవి ఐదు, ఆడవి మూడు. మా అబ్బాయి లెక్క నాలుగూ నాలుగూ. ఎవరు గెలిచారో గుడ్లే చెప్పాలి.

పొద్దునా సాయంత్రం మేత. దుకాణంలో కొన్న పొడితోపాటు రెండు రోజులకోసారి ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన, ఆవగింజంత. ఆడవాటి పొట్టలు నిండుతున్నాయి.

నవంబర్ 16

మొదటి ప్రయత్నం. గుడ్లు రాలితే తల్లిదండ్రులే తినేస్తాయి కాబట్టి డబ్బా అడుగున గోళీలు పరిచాను. గుడ్లకు జిగురు ఉండదు, నేరుగా మునిగి గోళీల సందుల్లోకి జారిపోతాయి, అక్కడికి చేప మూతి వెళ్లదు అని లెక్క. ఈ చేపలు తొలి వెలుగుకు గుడ్లు పెడతాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఏడున్నరకు లేచాను.

లేచేసరికి అన్నీ పొట్టలు నింపుకుని హాయిగా తిరుగుతున్నాయి. గోళీల కింద నాలుగు గుడ్లు దొరికాయి. నాలుగూ తెల్లబడినవే. మా అబ్బాయి గోళీలు మరీ పెద్దవి, సందులూ పెద్దవే. చేపలకు పెళ్లివిందు ఏర్పాటు చేసినట్టయింది.

నవంబర్ 23

ఈసారి ఏర్పాటు మార్చాను. వంటింట్లో ఆకుకూరలు కడిగే చిల్లుల బుట్టను డబ్బాలో దించి, చేపలను బుట్టలో వదిలాను. గుడ్లు చిల్లుల్లోంచి కిందికి రాలతాయి, చేపలు పైనే ఉంటాయి. రాత్రి మగవాటికీ ఆడవాటికీ నడుమ పారదర్శకంగా ఉండే ఫైలు అట్టను కత్తిరించి అడ్డుపెట్టాను. ఒకదాన్నొకటి చూసుకోవచ్చు, చేరుకోలేవు. డబ్బా మీద నల్ల దుప్పటి కప్పాను. పరిశోధనశాలల్లో పద్నాలుగు గంటలు వెలుతురు, పది గంటలు చీకటి లెక్క కచ్చితంగా పాటిస్తారు. నా గడియారం ఈ దుప్పటే.

ఉదయం ఆరుకు దుప్పటి తీసి, దీపం వేసి, అట్ట లాగాను. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒక మగది ఆడదాని పక్కన చేరి, పక్కకు పక్క ఆనించి వణికింది. ఆ వణుకు అర సెకను కూడా ఉండదు. మళ్లీ పరుగు, మళ్లీ వణుకు. ఆరున్నరకు చిల్లుల కింద గాజురవ్వల్లాంటివి పరుచుకుని ఉన్నాయి.

టీ వడపోతలో పట్టి కడిగి లెక్కపెట్టాను: నూట పన్నెండు. గుడ్డు పొరతో కలిపి ఒక్కొక్కటీ మిల్లీమీటరుకు కొద్దిగా ఎక్కువ. గుంట స్లైడులో నీటిచుక్కతో ఒకదాన్ని పెట్టి చూశాను. మామూలు స్లైడు మీద కవర్ స్లిప్ వేస్తే నలిగిపోతుంది. గుండ్రటి సొన, దాని నెత్తిమీద రెండు బుడిపెలు. రెండు కణాలు! మా అబ్బాయిని లేపాను. వాడు కళ్లు నులుముకుంటూ వచ్చి కూర్చునేసరికి నాలుగయ్యాయి. "అమ్మా, నువ్వు రెండన్నావు కదా?" అన్నాడు.

అంతవరకు బాగుంది. ఆ తర్వాతంతా నా తప్పే. డిష్‌ను కిటికీ పక్కన బల్లమీద పెట్టి వదిలేశాను. తెల్లబడినవాటిని తీసేయాలని తెలిసీ, రేపు తీద్దామని పడుకున్నాను.

నవంబర్ 25

అన్నీ పోయాయి. చచ్చిన గుడ్ల మీద బూజు దూదిలా పెరిగి, బతికినవాటినీ చుట్టేసింది. డిష్ మూత తీస్తే చెరువుగట్టు వాసన.

బూజు పట్టకముందే ఇంకో సంగతి గమనించాను. నిన్న పొద్దున, అంటే ఇరవై నాలుగు గంటలకు, గుండె కొట్టుకోవాలి. కొట్టుకోలేదు. కళ్లు ఇంకా లేతగానే ఉన్నాయి, తోక సొనకు అతుక్కునే ఉంది. మందకొడి పిండాలని నిట్టూర్చాను కానీ తప్పు వాటిది కాదు. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో ఛార్లెస్ కిమ్మెల్, ఆయన సహచరులు 1995లో ప్రచురించిన, ఈ చేప పిండం ఏ గంటకు ఎలా ఉంటుందో చెప్పే పట్టికే ఇప్పటికీ అందరికీ ఆధారం. అందులోని గంటలన్నీ 28.5 డిగ్రీల దగ్గర కొలిచినవి. అదే పట్టికలోని సూత్రం ప్రకారం 25 డిగ్రీల దగ్గర ఇరవై నాలుగు గంటల పనికి దాదాపు ముప్పై గంటలు పడుతుంది. మా కిటికీ పక్కన రాత్రి ఇరవై ఒకటి. పుస్తకంలో గంటలు చూసుకుని నేను తొందరపడ్డాను, అవి చలికి తగ్గట్టు తీరిగ్గా పెరుగుతున్నాయి.

పనిలో పనిగా వరిగడ్డి తెప్పించాను. నాలుగు పరకలు ఉడికించి, చల్లార్చి, భద్రకాళి చెరువు నీళ్లు కొంచెం కలిపి సీసాలో పెట్టాను. పిల్లలకు ఐదో రోజు నుంచి నోటికి పట్టే మేత కావాలి. గడ్డినీళ్లలో పారమీషియం అనే ఏకకణ జీవి పెరుగుతుంది. వరిచేను చేపకు వరిగడ్డి మేత, బాగుంది. వాసన మాత్రం భరించలేము. అత్తయ్య సీసాను బాల్కనీలోకి గెంటేశారు.

నవంబర్ 30, ఆదివారం

ఈరోజు వివరంగా రాసుకోవాలి.

థర్మాకోల్ పెట్టె తెచ్చి, అడుగున స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, అక్వేరియం హీటరును 28 మీద పెట్టాను. పెట్రీ డిష్‌లు ఆ నీటిమీద తేలతాయి. మూతకు చిన్న కన్నం, అందులో థర్మామీటరు. బూజు పట్టకుండా చేపల దుకాణంలో అమ్మే మిథిలీన్ బ్లూ రంగు రెండు చుక్కలు, నీళ్లు లేత ఆకాశం రంగుకు వచ్చేదాకా. ల్యాబ్‌లో రోజూ వాడే లీష్‌మన్ రంగులో ఉండేదీ దాదాపు ఇదే. కానీ అది మిథనాల్‌లో కలిపినది, పొరపాటున కూడా ఇక్కడికి తేకూడదు.

ఉదయం 6:30కి గుడ్లు. నూట నలభై మూడు. చెడినవి ఇరవై తొమ్మిది తీసేస్తే నూట పద్నాలుగు. డిష్‌కు ముప్పై ఎనిమిది చొప్పున మూడు డిష్‌లు.

7:15కి రెండు కణాలు. అక్కడి నుంచి సుమారు పావుగంటకోసారి రెట్టింపు. నాలుగు, ఎనిమిది, పదహారు. ఎనిమిదిన్నరకు అరవై నాలుగు ఉండాలి, నేను లెక్కపెట్టలేకపోయాను. ల్యాబ్‌లో వంద తెల్లకణాలు నిద్రలో కూడా లెక్కపెడతాను, ఇక్కడ కుదరలేదు. లెక్క పూర్తయ్యేలోపే అవి మళ్లీ చీలిపోతున్నాయి.

పదిన్నరకు కణాలన్నీ సొన నెత్తిన టోపీలా చేరాయి. ఆ తర్వాత టోపీ కిందికి జారడం మొదలైంది. సగం దాకా వచ్చి కొంచెం ఆగింది, మళ్లీ జారింది. చలికాలం తెల్లవారుజామున పాలవాడు మంకీ క్యాపును చెవుల మీదికి, మెడమీదికి లాక్కున్నట్టు. సాయంత్రం నాలుగున్నరకు సొన మొత్తం మూసుకుపోయింది. అప్పటిదాకా అది ఒక బంతి. అక్కడి నుంచి దానికి ముందూ వెనకా ఏర్పడ్డాయి.

రాత్రి పదిన్నరకు పదహారో గంట. వీపు వెంట కండరాల ముక్కలు, జడలో పాయల్లా ఒకదాని వెనక ఒకటి. కంటి గుంత. తోక సొన నుంచి విడివడి బయటికి వచ్చింది. అత్తయ్య నిద్రపట్టక లేచి వచ్చి, "ఇంకా చూస్తున్నావా? పడుకోమ్మా, రేపు డ్యూటీ ఉంది కదా" అన్నారు. ఆవిడ కూడా ఒక్కసారి కన్ను ఆనించి చూశారు. ఏమీ అనకుండా వెళ్లిపోయారు. కాసేపటికి టీ వచ్చింది.

డిసెంబర్ 1

ఉదయం 6:40. ఇరవై నాలుగు గంటలు దాటాయి. పిండాలు పొరలోపలే ఉండుండి మెలికలు తిరుగుతున్నాయి. సొన ముందు భాగంలో, తలకింద, ఏదో చిన్నగా అదురుతోంది. మొదట నా కంటిరెప్ప అనుకున్నాను. ఇంకో పిండం పెట్టాను, అదీ అదురుతోంది. రక్తం రంగు లేదు, ఆకారం తెలియదు, అదురు మాత్రమే ఉంది. ఇంకాసేపు చూడాలనుంది కానీ ఏడుంబావు బస్సు తప్పితే గైర్హాజరే.

ల్యాబ్‌లో ఈరోజు నలభై ఒక్క స్మియర్లు, అంటే గాజు మీద పూసిన రక్తం స్లైడులు. జ్వరాల రోజులు. పన్నెండో స్లైడు దగ్గర పెట్టె మూత సరిగా వేశానా అని అనుమానం వచ్చి ఇంటికి ఫోను చేశాను. అత్తయ్య వెళ్లి చూసి, "ఇరవై ఎనిమిది మీద ఉంది, నీ పని నువ్వు చూసుకో" అన్నారు. థర్మామీటరు చదవడం ఆవిడకు ఎవరు నేర్పారో.

సాయంత్రం 6:50. ముప్పై ఆరో గంట. కళ్లకు నలుపు తిరుగుతోంది, ఒంటిమీద అక్కడక్కడా నల్లచుక్కలు. గుండె స్పష్టంగా వంపు తిరిగి, రెండు గదులు. ముందొకటి ముడుచుకుంటుంది, వెంటనే రెండోది. పదిహేను సెకన్లకు ఇరవై ఎనిమిది, అంటే నిమిషానికి నూట పన్నెండు. స్లైడు చల్లబడితే నెమ్మదిస్తుంది, అది కూడా గమనించాను.

అప్పుడు స్లైడును కొద్దిగా జరిపి తోకమీదికి వెళ్లాను. పదిరెట్లు పెద్దగా చూపే 10ఎక్స్ కటకం తిప్పాను. ముందు మసక. స్క్రూ అర చుట్టు.

కణాలు. వరసగా, ఒకదాని వెనక ఒకటి, సన్నని నాళంలో తోక చివరి దాకా పరుగెత్తి, అక్కడ మలుపు తిరిగి, కింది నాళంలో వెనక్కి వస్తున్నాయి. గుండె కొట్టినప్పుడల్లా పై వరస ఒక్క ఉదుటున ముందుకు జరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ జరుగుతుంది. కింది వరసకు ఆ కుదుపు తక్కువ, సాఫీగా పోతోంది. ఇది ధమని, ఇది సిర అని ఎవరూ చెప్పనక్కర్లేదు. మలుపు దగ్గర ఒక కణం గోడకు తగిలి ఆగింది. వెనకది వచ్చి ఢీకొట్టింది. రెండూ కలిసి కొట్టుకుపోయాయి. పాఠాల్లో ఎర్రకణం పలకలా చదునుగా ఉంటుందని చదివాం, స్మియర్లలో అలాగే చూశాం. ఇక్కడది దొర్లుతోంది, పక్కకు తిరుగుతోంది, ఇరుకులో సాగి దూరుతోంది. చేపల ఎర్రకణానికి కేంద్రకం ఉంటుంది, మనవాటికి ఉండదు. అది చూడాలంటే రంగు వెయ్యాలి, రంగు వేస్తే ఇది ఆగిపోతుంది. వద్దు.

ఎంతసేపు చూశానో తెలియదు. అన్నం చల్లారిపోయింది.

డిసెంబర్ 3

పొరలు చీల్చుకుని బయటికి వస్తున్నాయి. రాత్రికి తొంభై ఏడు. అడుగున పక్కకు ఒరిగి పడుకుంటాయి, డ్రాపరు దగ్గరికి తెస్తే చివాలున ఎగిరి ఇంకోచోట పడతాయి. ఇంకా సొన మిగిలి ఉంది కాబట్టి మేత అక్కర్లేదు.

ఈ తీరిక సమయంలో మా అబ్బాయి అడిగాడు: ఇంత చిన్న చేప మీద పరిశోధన ఎందుకు చేస్తారని. నాకు తెలిసింది చెప్పాను. అమెరికాలో జార్జ్ స్ట్రైసింగర్ అనే ఆయన 1960ల చివర్లో, వెన్నెముక ఉన్న జీవుల్లో జన్యువుల పని చూడటానికి దీన్ని ఎంచుకున్నాడు. ఆయన పెంచిన ఏబీ అనే వంశం ఈ రోజుకీ ప్రపంచమంతా పరిశోధనల్లో వాడుతున్నారు. ఆ వంశానికి మూలమైన చేపలు ఒరెగాన్ రాష్ట్రంలో ఆల్బనీ ఊరి పెంపుడు జంతువుల దుకాణంలో కొన్నవే. 1996లో జర్మనీ, అమెరికా బృందాలు జన్యులోపాలున్న చేపలను వేలకొద్దీ వేరుచేసి ఒకేసారి ప్రకటించాయి. 2013లో జన్యుపటం పూర్తిగా వచ్చాక తేలింది, మనుషుల జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఈ చేపలో సాటి ఉందని. మన హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలోనూ వీటిని పెంచుతున్నారు.

వాడికి ఇవేవీ పట్టలేదు. 2002లో ఈ చేప గుండె కింది గదిలో ఐదోవంతు కోసేస్తే రెండు నెలల్లో మళ్లీ పెరిగిందన్న సంగతికి మాత్రం నోరు తెరిచాడు. మన గుండెకు దెబ్బ తగిలితే మచ్చ పడుతుంది, అక్కడ కండరం మళ్లీ రాదు. వాళ్ల తాతయ్య స్టెంటు సంగతి వాడికి తెలుసు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

డిసెంబర్ 7

తేలికైన భాగం అయిపోయింది. గుండె చూడటం కాదు, పిల్లలను బతికించడమే అసలు పని.

ఐదో రోజుకు అవి పైకి వచ్చి గాలి గుటక మింగి గాలితిత్తి నింపుకోవాలి. అప్పుడే నిటారుగా ఈదగలవు. మూడో డిష్‌లో నేను ఆత్రంగా పచ్చసొన వేశాను. నీటిమీద జిడ్డు తెట్టు కట్టింది, పైకి వచ్చినవాటికి గాలి అందలేదు. తెట్టును టిష్యూ కాగితంతో తీశాను కానీ ఆలస్యమైంది. ఆ డిష్‌లో ఇరవైకి పైగా పోయాయి.

గడ్డినీళ్ల సీసా మాత్రం ఆదుకుంది. ఒక చుక్క స్లైడు మీద పెడితే పారమీషియాలు చెప్పుల ఆకారంలో గిరగిరా తిరుగుతున్నాయి. రోజుకు మూడుసార్లు పది చుక్కలు. పిల్ల కళ్లు రెండూ ముందుకు తిప్పి, తోక కొద్దిగా వంచి గురిచూసి, ఒక్కసారిగా మింగుతుంది. నాలుగు మిల్లీమీటర్ల జీవికి అంత గురి!

యూరప్ చట్టంలో చేపపిల్ల తనంతట తాను మేత తినడం మొదలుపెట్టాకే ప్రయోగజంతువు కింద లెక్క. ఐదు రోజుల వరకు ఒక లెక్క, ఆ తర్వాత ఇంకో లెక్క. ఆ గీత అక్కడే ఎందుకు గీశారో ఈ వేట చూశాక అర్థమైంది.

డిసెంబర్ 10

ముప్పై నాలుగు మిగిలాయి. సీసాలో పారమీషియం పంట ఒక్క రాత్రిలో చచ్చిపోయింది, నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. రెండో సీసా ముందే పెట్టుకోవాల్సింది. ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి రొయ్యల గుడ్ల పొట్లం తెప్పించాను. లీటరు నీటికి 25 గ్రాముల కళ్లుప్పు, తలకిందులు చేసిన కూల్‌డ్రింకు సీసా, గాలిగొట్టం. ఒకరోజుకు నారింజరంగు చుక్కల్లా పొదిగాయి.

మొదటిసారి మేశాక చేపపిల్లల పొట్టలన్నీ నారింజ రంగుకు తిరిగాయి. ఒళ్లంతా గాజు, మధ్యలో మిరపగింజంత నారింజ. దూరం నుంచే ఏది తిన్నదో ఏది తినలేదో చెప్పవచ్చు. అత్తయ్య పొద్దునా సాయంత్రం అదే పనిగా లెక్కేసి నాకు చెబుతున్నారు: "ఈ మూలన ఉన్నది తినలేదు."

డిసెంబర్ 21, ఆదివారం

పంతొమ్మిది. వారం రోజులపాటు ఈ అంకె తగ్గుతూ వచ్చింది, నాలుగు రోజులుగా నిలబడింది. వేరే తొట్టిలోకి మార్చాను, గాలిబుడగలు సన్నగా.

అన్నిటికంటే పెద్దదాన్ని గుంట స్లైడులో పెట్టబోయాను. పట్టలేదు. తోక బయటికి వచ్చింది. తలనుంచి తోకదాకా చుక్కలు నిన్నటిలా చెల్లాచెదురుగా లేవు, రెండు వరసలు కడుతున్నాయి. చారలు మొదలయ్యాయి. డ్రాపరుతో పట్టి తొట్టిలో వదిలాను. గుంట స్లైడు కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టేశాను.

వచ్చే ఆదివారం దుప్పటి మళ్లీ వేస్తాను. మూడు ఆడవే, మా అబ్బాయి ఒప్పుకున్నాడు. గడ్డి సీసాలు ఈసారి మూడు, బాల్కనీలో అత్తయ్య చోటు చూపించారు.